ఉత్తరాంధ్రమున కుష్ఠునివారణము: అల్పసాధనముల చరిత్ర

ఆంధ్రదేశ చరిత్రమును వ్రాసిన పెద్దలు రాజవంశములను, దేవాలయములను, శాసనములను, కావ్యములను గూర్చి చేసిన కృషి అపారము. కాని సామాన్యజనుల దేహారోగ్యమును గూర్చిన చరిత్ర మనలో ఇంకను ప్రత్యేకశాఖగా పరిణతి పొందలేదు. ఉన్న కొద్దిపాటి వైద్యచరిత్రయు ప్రసిద్ధవైద్యుల జీవితములను, నూతనౌషధముల ఆవిష్కరణములను, పెద్ద వైద్యశాలల స్థాపనమును మాత్రమే పేర్కొనుచున్నది. ఔషధము కనుగొనబడినంతమాత్రమున వ్యాధి తొలగదు. అది రోగి గడపకు చేరవలెను. చేరినది క్రమము తప్పక కడుపులో పడవలెను. వ్యాధి తొలగిన పిమ్మట మిగిలిన అవయవములను రోగి తానే కాపాడుకొనవలెను. ఈ మూడు పనులును ఎట్లు జరిగినవో చెప్పని వైద్యచరిత్ర అసమగ్రమని మా అభిప్రాయము.

ఈ అభిప్రాయమును నిరూపించుటకు శ్రీకాకుళ, విజయనగర మండలములలో కుష్ఠువ్యాధి నివారణమునకై జరిగిన కృషిని ఉదాహరణముగా గ్రహించితిమి. కారణము స్పష్టము. దేశమున ఈ వ్యాధి మిక్కిలి ప్రబలియున్న ప్రాంతములలో ఇవి చేరియుండెను; 1980 దశకపు తొలి సంవత్సరములలో బహుళౌషధచికిత్స మొట్టమొదట ప్రవేశపెట్టబడిన కొలది జిల్లాలలోను ఇవి చేరియున్నవి. ఆ చికిత్స ఫలించుటకు ఔషధశక్తి ఎంత కారణమో, పగటివెలుతురు, కలముమొన, మాత్రల అట్ట, నీటితొట్టి, రబ్బరుచెప్పు వంటి అల్పసాధనములను పనిలో పెట్టిన తెలివియు అంతే కారణమని ఈ వ్యాసమున చూపదలచితిమి.

ముందుగా ప్రదేశమును గూర్చి ఒక మాట. 1950 ఆగస్టు 15న విశాఖపట్టణ జిల్లానుండి శ్రీకాకుళము వేరుపడినది. 1979 జూన్ 1న శ్రీకాకుళ, విశాఖపట్టణ జిల్లాల భాగములతో విజయనగర జిల్లా ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము, సాలూరు మొదలగు ప్రాంతములు పార్వతీపురమన్యము అను కొత్త జిల్లాలో చేరినవి. కావున సాలూరు వంటి ఊరిని గూర్చిన ఆరోగ్యవిషయములు వెదకు పరిశోధకుడు నాలుగు జిల్లాల పేర్లక్రింద వెదకవలసియుండును. ఈ వ్యాసమున ఉత్తరాంధ్రమనగా స్థూలముగా నాగావళీ వంశధారా నదుల పరీవాహకభూమియనియు, దానిని ఆనుకొనియున్న మన్యమనియు గ్రహింపవలెను.

పేర్లు, విశ్వాసములు

వ్యాధిచరిత్రకు దాని పేర్లే ప్రథమసాక్ష్యములు. ఈ వ్యాధిని మన గ్రామములలో పెద్దరోగమనియు, మహారోగమనియు వ్యవహరించిరి. అసలు పేరు పలుకుటకు జంకి పెద్ద అను విశేషణముతో సరిపెట్టుట ఆ భయమును తెలుపును. కుష్ఠు అను సంస్కృతశబ్దము విషయమున మాత్రము పరిశోధకులు జాగరూకులై యుండవలెను. ఆయుర్వేదము మహాకుష్ఠములు 7, క్షుద్రకుష్ఠములు 11, వెరసి 18 విధములను చెప్పినది. వీనిలో అనేకము కేవల చర్మరోగములు. 1873లో నార్వే దేశీయుడు హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవివలన కలుగు వ్యాధికి మాత్రమే నేడు మనము ఈ పేరును వాడుచున్నాము. కావున ప్రాచీనకావ్యమున కుష్ఠు అను మాట కనబడినంతనే అది ఈ వ్యాధియే యని నిర్ణయించుట తగదు.

సూర్యారాధనమువలన కుష్ఠు తొలగునను విశ్వాసము దేశమంతట కలదు. శ్రీకృష్ణుని కుమారుడైన సాంబుడు సూర్యుని కొలిచి వ్యాధిముక్తుడయ్యెనని పురాణకథ. సూర్యశతకకర్తయైన మయూరుని గూర్చియు ఇట్టి ఐతిహ్యమే ప్రచారమున కలదు. శ్రీకాకుళమునకు సమీపమున అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయము తూర్పుగాంగుల కాలమునుండి ప్రసిద్ధి చెందియుండుటచే ఈ విశ్వాసము ఇచట మరింత గాఢముగా నాటుకొన్నది. చర్మవ్యాధులు, నేత్రవ్యాధులు కలవారు ఆరోగ్యమును కోరి ఆ స్వామిని సేవించుట నేటికిని కలదు. ఈ విశ్వాసమును మేము పరిహసింపబూనుట లేదు. ఊరు వెలివేసిన మనుష్యునకు దేవుని వాకిలియైనను తెరచియుండుట చరిత్రదృష్టితో చిన్నవిషయము కాదు.

చట్టముమాత్రము అంత దయ చూపలేదు. 1898లో ఆంగ్లప్రభుత్వము చేసిన కుష్ఠురోగుల చట్టము, బిచ్చమెత్తుకొను వ్యాధిగ్రస్తులను పట్టి ప్రత్యేకాశ్రమములలో ఉంచుటకు అధికారమిచ్చెను. ఆ చట్టము 2016లో గాని రద్దు కాలేదు. ఈ వ్యాధిని వివాహవిచ్ఛేదమునకు కారణముగా చూపు నిబంధనలు 2019లో గాని తొలగింపబడలేదు. వ్యాధికి సరియైన చికిత్స లభించిన తరువాత 30 సంవత్సరములకు పైగా చట్టమున పాతభయమే నిలిచియుండెను.

ఆశ్రమమునుండి గ్రామమునకు

ఔషధము లేని కాలమున సేవయనగా ఆశ్రయమిచ్చుటయే. చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చుట బాధాకరము, ఫలము స్వల్పము. సాలూరునందలి ఫిలడెల్ఫియా కుష్ఠువైద్యశాల ఆ యుగమునందు పుట్టిన సంస్థలలో ఒకటి. లెప్రసీ మిషను ఆధ్వర్యమున అది పిమ్మటి కాలమున శస్త్రచికిత్సకు, వ్రణచికిత్సకు, పాదరక్షల తయారీకి మన్యమునకును మైదానమునకును ఉమ్మడికేంద్రమైనది. మన్యమునకు ముఖద్వారమైన సాలూరులో ఇట్టి సంస్థ ఉండుటవలన కొండలనుండి దిగివచ్చువారికిని, మైదానమునుండి పోవువారికిని ఉపయోగము కలిగెను.

1940 దశకమున సల్ఫోన్ ఔషధములు ఈ వ్యాధిపై పనిచేయునని తేలినది. వానిలో డాప్సోన్ అను మాత్ర మిక్కిలి చౌక. దక్షిణదేశమున చెంగల్పట్టులో కాక్రేన్ వైద్యుడు దానిని ప్రయోగించి చూచెను. చౌకయైన మాత్ర దొరికినంతనే ప్రశ్న మారిపోయినది. రోగిని ఆశ్రమమునకు తెచ్చుట ఏల? మాత్రనే ఊరికి పంపరాదా? 1951లో వెలసిన గాంధీస్మారక కుష్ఠునిధి ఈ మార్గమునే పట్టెను. గాంధీజీ నిర్మాణకార్యక్రమమున కుష్ఠుసేవకు స్థానమిచ్చిన విషయము సుప్రసిద్ధము. ఆ నిధికి చెందిన వార్దేకర్ వైద్యుడు సేవాగ్రామ ప్రాంతమున ఒక పద్ధతిని రూపొందించెను. ఇంటింటి పరిశీలనము, ప్రజలకు బోధ, ఇంటికడనే చికిత్స అను మూడంగములు గల ఆ పద్ధతినే 1955లో ఆరంభమైన జాతీయ కుష్ఠునియంత్రణ కార్యక్రమమును అనుసరించినది. మన ప్రాంతమున బలిజిపేట సమీపమందలి చిలకలపల్లిలో గాంధీస్మారకనిధి ఒక కేంద్రమును నడపెను.

ఈ పద్ధతికి మూలాధారము పారామెడికల్ కార్యకర్త. సుమారు 20 వేలనుండి 25 వేలవరకు జనాభాకు ఒక కార్యకర్త అని లెక్క. ఆతడు వైద్యుడు కాడు. ఆతని సంపద ఒక సైకిలు, ఒక సంచి, కొన్ని కార్డులు, ఒక కలము. అట్టివాడు ఇంటింటికి పోయి వ్యాధిని గుర్తించుట ఎట్లు సాధ్యమైనది? ఈ ప్రశ్నకు సమాధానముననే మన విషయము ఆరంభమగుచున్నది.

వెలుతురు, కలముమొన

ఈ వ్యాధి తొలిదశలో చర్మముపై లేతరంగు మచ్చగనో, ఎఱ్ఱని మచ్చగనో కనబడును. అది దురద పెట్టదు, నొప్పి పెట్టదు. అందువలననే రోగి దానిని లెక్కచేయడు. నొప్పి లేకపోవుట మంచిదని తలచుట లోకసహజము. ఈ వ్యాధియందు నొప్పి లేకపోవుటయే కీడు. కావున రోగి తనంత తాను వైద్యుని కడకు రాడు. వైద్యవిధానమే ఆతని కడకు పోవలెను.

పూరిండ్ల లోపలి మసకలో లేతమచ్చ కనబడదు. అందుచేత పరిశీలనము పగటివేళ, అరుగుమీదనో, పెరటిలోనో, చెట్టుక్రిందనో చేయవలెనని నియమమేర్పడెను. సూక్ష్మదర్శిని కన్న ముందుగా సూర్యకాంతి ఈ పనికి వచ్చినది. తరువాత మచ్చ దేనిదో తేల్చవలెను. తామర దురద పెట్టును. బొల్లి పూర్తిగా తెల్లబడును గాని స్పర్శ చెడదు. ఈ వ్యాధి మచ్చయందు స్పర్శ తగ్గును. ఈ భేదమును తెలిసికొనుటకు తొలుత పక్షియీక, దూదిపోగు వాడిరి. తరువాత ప్రతి కార్యకర్త జేబులోను ఉండు బాల్‌పెన్ను మొన సరిపోవునని తేలినది.

ఇందొక సూక్ష్మము కలదు. కన్నులు మూయించి, తాకి, తెలిసినదా అని అడిగినచో భయముచేతనో మర్యాదచేతనో రోగి తెలిసినదనియే చెప్పును. కావున అట్లు అడుగరాదని శిక్షణలో బోధింతురు. ముందుగా కన్నులు తెరచియుండగానే ఆరోగ్యమైన చర్మముపై తాకి చూపవలెను. పిమ్మట కన్నులు మూయించి, తాకిన చోటును వ్రేలితో చూపుమనవలెను. అప్పుడు జవాబు మాటలో గాక వ్రేలిలో ఉండును. మాటను మొహమాటము మార్చగలదు గాని, తెలియని చోటును వ్రేలు చూపజాలదు. పైసా ఖర్చు లేని ఈ మార్పువలన పరీక్ష నమ్మదగినదైనది. అల్పసాధనమనగా చౌకవస్తువు మాత్రమే కాదు, అడుగు తీరును మార్చుట కూడ అల్పసాధనమే యని ఇందువలన గ్రహింపవలెను.

నరముల బలమును చూచుటకును ఇట్టి ఉపాయములే ఏర్పడినవి. వ్రేళ్ల నడుమ ఒక కాగితమును పట్టించి మెల్లగా లాగినచో పట్టు తగ్గినదో లేదో తెలియును. కన్నులు గట్టిగా మూయుమన్నచో రెప్పల బలము తెలియును. నరము కొత్తగా దెబ్బతినినపుడు, సుమారు 6 నెలలలోపల కనిపెట్టి ప్రెడ్నిసొలోన్ ఇచ్చినచో బలము తిరిగి వచ్చుటకు అవకాశమున్నది. కాలము మించినచో వ్రేళ్లు ముడుచుకొనిపోవును. కాగితపుముక్కతో చేయు పరీక్ష, చేయి పనిచేయుటకును పనిచేయకపోవుటకును నడుమ నిలిచినది.

చూచినదానిని నమోదు చేయుటయు అంత ముఖ్యము. మనుష్యాకృతిని ముందువైపు, వెనుకవైపు గీతలతో ముద్రించిన కార్డుపై మచ్చలను గుర్తించెడివారు. నెలలు గడచిన పిమ్మట మరియొక కార్యకర్త వచ్చినను, పాతమచ్చ ఏది, కొత్తమచ్చ ఏది యని చూచినంతనే తెలియును. వర్ణనలో కార్యకర్తల భాష వేరువేరుగా ఉండవచ్చును గాని బొమ్మయందు ఆ చిక్కు లేదు.

ఈ పద్ధతికి ఒక లోపమును లేకపోలేదు. పురుషకార్యకర్తలకు స్త్రీలు చర్మమంతయు చూపుటకు అంగీకరింపరు. అందుచే స్త్రీలయందు వ్యాధి ఆలస్యముగా బయటపడుట కలదు. 2016నుండి దేశమున జరుగుచున్న కుష్ఠురోగాన్వేషణ కార్యక్రమములలో ఒక ఆశా కార్యకర్త, ఒక పురుషుడు జంటగా ఇంటింటికి పోవు ఏర్పాటు ఈ లోపమునకు పరిహారము. ఇట్లు ఇద్దరిని కలిపి పంపుటకు యంత్రము అక్కరలేదు, ఆలోచన మాత్రము కావలెను.

నెలకొక మోతాదు, మాత్రల అట్ట

డాప్సోన్ చౌకయే గాని చికిత్సాకాలము మిక్కిలి దీర్ఘము. సంవత్సరములకొలది, కొందరు జీవితాంతము, మ్రింగవలసియుండెను. పని చేసికొని బ్రతుకు మనుష్యుడు, అందును బాధ లేనివాడు, అంతకాలము మాత్రలు మ్రింగుట అరుదు. మ్రింగుచు మానుచు నుండుటవలన సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగకపోవుట సంభవించెను. 1964లో మలేసియాలో ఈ విషయము ప్రయోగపూర్వకముగా నిరూపింపబడినది. రిఫాంపిసిన్ అను ఔషధము ఒక్క మోతాదుతోనే అత్యధికసంఖ్యలో సూక్ష్మజీవులను చంపునని 1970 ప్రాంతమున తెలిసినను, దాని వెల ఆనాడు అధికము.

1981లో ప్రపంచారోగ్యసంస్థ నిపుణులు సమావేశమై మూడు ఔషధములను కలిపి వాడవలెనని నిర్ణయించిరి. ఆ నిర్ణయమున ఔషధశాస్త్రము కన్న మాకు ఆశ్చర్యము కలిగించినది దాని వ్యవహారజ్ఞానము. రిఫాంపిసిన్ ప్రతిదినము అక్కరలేదు, నెలకొకసారి 600 మిల్లీగ్రాములు చాలుననిరి. అందువలన ఖర్చు తగ్గెను. అంతకన్న ముఖ్యము, నెలకొక్కమారు మాత్రమే గనుక దానిని కార్యకర్త ఎదుటనే మ్రింగించుట సాధ్యమయ్యెను. మిగిలిన దినములకు డాప్సోన్, క్లోఫాజిమిన్ ఇంటికి ఇచ్చి పంపెడివారు. చికిత్సాకాలమును తక్కువ సూక్ష్మజీవులు గల వ్యాధికి 6 నెలలు, ఎక్కువ గల వ్యాధికి 24 నెలలుగా నిర్ణయించిరి. ఈ రెండవది 1990 దశకము చివర 12 నెలలకు తగ్గినది. అంతము తెలిసిన చికిత్సను మనుష్యుడు పూర్తిచేయగలడు. అంతము తెలియనిదానిని విడుచును. ఇది వైద్యమునకే కాదు, ఏ పనికైనను వర్తించును.

స్వీడను దేశపు సహాయముతో ఈ విధానము ఉత్తరాంధ్రమునకు వచ్చినపుడు గ్రామము గ్రామమునకు మందు పంచుచోటు, తేది నిర్ణయింపవలసివచ్చెను. బడి వరండా, రచ్చబండ, చెట్టునీడ వైద్యశాలలైనవి. నెలలో ఒక నిర్ణీతదినమున కార్యకర్త వచ్చునని తెలిసినచో రోగి ఆ పూట కూలిపని మాని కూర్చుండగలడు. తేదిని మార్చుట చిన్నవిషయముగా అధికారులకు తోచవచ్చును. ఒక దినపుకూలి పోగొట్టుకొన్నవానికి అది చిన్నది కాదు. తేదికి కట్టుబడియుండుటయే ఇచట చికిత్సలో సగమైనది.

ఇంటికి ఇచ్చిన మాత్రలను గూర్చి చిక్కు మిగిలియుండెను. కాగితపు పొట్లములలో కట్టి యిచ్చిన మాత్రలు చెమ్మకు మెత్తబడును. ఏది ఎప్పుడు మ్రింగవలెనో చదువురానివారికి గుర్తుండదు. దీనికి పరిష్కారముగా వచ్చినది 28 దినముల మాత్రల అట్ట. మొదటిదినపు మోతాదు అట్టపై ఒకవైపు ప్రత్యేకముగా ఉండును. తక్కినవి దినక్రమమున వరుసగా ఉండును. పెద్దలకు, పిల్లలకు, రెండువిధముల వ్యాధులకు వెరసి నాలుగురకముల అట్టలు వేరువేరు రంగులతో వచ్చినవి. ఖాళీ అయిన గుంటలను చూచినచో ఎన్నిదినములు మ్రింగెనో, ఎన్నిదినములు మానెనో రోగికిని కార్యకర్తకును ఒక్కసారిగా తెలియును. వాదమునకు తావు లేదు. చదువు అక్కరలేని ఈ పంచాంగము 1980 దశకము చివరినుండి వ్యాప్తి చెందెను. 1995నుండి ప్రపంచారోగ్యసంస్థ ద్వారా దేశదేశములకు ఉచితముగా అందుచున్నది.

ముందుగా చెప్పవలసిన మాటను చెప్పుటయు సాధనములలో చేరును. రిఫాంపిసిన్ మ్రింగిననాడు మూత్రము ఎఱ్ఱబడును. క్లోఫాజిమిన్ వలన చర్మము నల్లబడును. ముందు చెప్పనిచో మొదటిదానిని చూచి రోగి భయపడి మందు మానును; రెండవదానివలన ఇరుగుపొరుగులు కనిపెట్టుదురని సిగ్గుపడి మానును. ముందు చెప్పినచో, ఆ నలుపు తాత్కాలికమని, కాలక్రమమున పోవునని ధైర్యముతో నుండును. ఒక్క నిమిషపు మాట ఒక సంవత్సరపు చికిత్సను నిలబెట్టుట ఇట్లు.

వలసపోవువారి విషయము ఉత్తరాంధ్రమున ప్రత్యేకముగా ఆలోచింపదగినది. ఒకనాడు రంగూనుకు, నేడు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై నగరములకు ఇచటివారు పనులకై పోవుట తరతరములనుండి వచ్చుచున్న ఆచారము. నిర్ణీతదినమున ఊరిలో లేనివానికి నెలకొక్కమారు ఎదుట మ్రింగించు పద్ధతి పనికిరాదు. అట్టివారికి కొన్ని నెలల అట్టలను ఒక్కమారే ఇచ్చి, ఇంటివారిలో ఒకరినో స్నేహితునో సాక్షిగా ఏర్పరచుట తరువాతి కాలమున వచ్చిన సవరణము. నియమము మనుష్యుని బ్రతుకుతెరువునకు అనుగుణముగా వంగినపుడే అది నిలుచునని ఈ సవరణము తెలుపుచున్నది.

నీటితొట్టి, పాదరక్ష

సూక్ష్మజీవి చచ్చినను, చచ్చిన నరము మరల పుట్టదు. చికిత్స పూర్తియై వ్యాధి కుదిరినదని కార్డుపై వ్రాసిన పిమ్మట కూడ చేతులకు, కాళ్లకు స్పర్శ లేక బ్రతుకువారు మన పల్లెలలో ఉన్నారు. వారి పుండ్లకు కారణము సూక్ష్మజీవియని లోకము చిరకాలము నమ్మెను. వ్రేళ్లు వ్యాధివలన కరగి రాలునని భయపడెను. వేలూరులో 1940 దశకము చివరనుండి పనిచేసిన పాల్ బ్రాండ్ వైద్యుడును ఆయన సహచరులును అది పొరపాటని చూపిరి. నొప్పి తెలియకపోవుటచేత కలుగు దెబ్బలు, కాల్పులు, వత్తిడులే పుండ్లకు కారణములనిరి. కారణము మారినంతనే ఉపాయమును మారెను. దెబ్బ తగులకుండ చూచినచో పుండు రాదు.

మన ప్రాంతపు పనులలో ఈ దెబ్బలు ఎన్నివిధముల తగులునో ఆలోచింపుడు. పొయ్యిమీది చోడి అంబలి కుండను దించుటలో వ్రేలు కాలును, తెలియదు. చుట్ట కాలికాలి వ్రేళ్లవరకు వచ్చును, తెలియదు. వరినాట్లలో బురదలో నానిన పాదమున ముల్లు దిగును, తెలియదు. పలాస ప్రాంతమున జీడిపిక్కల పనిలో జీడిరసము చర్మమును కాల్చును, తెలియదు. స్పర్శ గలవాడు చేయి వెనుకకు తీసికొనును. స్పర్శ లేనివాడు పని పూర్తిచేయును. కావున చూపు స్పర్శకు బదులు పనిచేయవలెనని బోధింపవలసివచ్చెను. ప్రతిరాత్రి పడుకొనకముందు చేతులను, పాదములను చూచుకొనుట, అరికాలు కనబడనిచో ఇంటివారితో చూపించుకొనుట, కుండ దించుటకు గుడ్డమసి వాడుట, పనిముట్లపిడికి గుడ్డ చుట్టుట, ఇవియే ఆ బోధలోని అంశములు.

నరములు చెడినపుడు చెమట పట్టదు. చెమట లేని చర్మము ఎండి పగులును. పగులే పుండునకు ద్వారము. దీనికి ఉపాయము: పాదములను ప్రతిదినము సుమారు 20 నిమిషములు చల్లని మంచినీటిలో నానబెట్టుట, కాయ కట్టిన చర్మమును గరుకురాతితో మెల్లగా రుద్దుట, తడి ఆరకమునుపే నూనె రాయుట. నూనెవలన నీరు చర్మమునుండి పోదు. తొట్టి, రాయి, వంటింటి నూనె, ఈ మూడు లేని ఇల్లు ఉండదు. నేటికిని అంగవైకల్యనివారణ శిబిరములలో నేర్పుచున్నది ఈ క్రమమునే.

పాదరక్ష చరిత్ర ఇంకను బోధప్రదము. స్పర్శలేని పాదమునకు మెత్తని లోపలిభాగము, ముల్లు దిగని గట్టి క్రిందిభాగము, ఎచటను మేకు లేని కుట్టు, జారిపోయినను తెలియదు గనుక మడమవెనుక పట్టీ కావలెను. మైక్రోసెల్యులర్ రబ్బరుతో ఇట్టి చెప్పులను దక్షిణదేశపు వైద్యశాలలలో రూపొందించిరి. చాలమందికి మేలు కలిగెను. కాని కొందరు ఆ చెప్పులను తీసికొనిపోయి తొడుగుకొనలేదు. కారణము సోమరితనము కాదు. అన్నియు ఒకే ఆకారమున, ఒకే నలుపురంగున ఉండుటవలన వీధిలో ఎవడైనను చూచి ఇది ఆ రోగపు చెప్పని గుర్తుపట్టును. పాదమును కాపాడబోయి మనుష్యుని పట్టియిచ్చుట జరిగెను. తరువాత బజారులోని చెప్పులవలె రంగు, ఆకారము మార్చి, లోపల మాత్రము ఆ రబ్బరునే ఉంచి తయారుచేయు పద్ధతి వచ్చెను. రబ్బరు మారలేదు, రోగి అభిప్రాయమునకు విలువ వచ్చినది. అల్పసాధనము పనిచేయవలెనన్నచో దానిని వాడువాని మానమును గూడ లెక్కింపవలెనను నీతి ఇందున్నది.

లెక్కలను గూర్చిన హెచ్చరిక

పై సాధనములన్నిటి ఫలముగా వ్యాధి మిక్కిలి తగ్గినదనుట నిర్వివాదము. ఒకనాడు వేయింటికి ఐదుగురు, అంతకు పైబడి వ్యాధిగ్రస్తులున్న జిల్లాలను బహుళౌషధచికిత్సకు ముందుగా ఎన్నుకొనిరి. 2005 డిసెంబరునాటికి దేశము మొత్తము మీద పదివేలకు ఒకరికన్న తక్కువయైనది. దీనినే నిర్మూలనము అని ప్రకటించిరి. కాని చరిత్రకారుడు ఇచట రెండు విషయములను గమనింపవలెను.

మొదటిది: ఈ సంఖ్య ఆ సమయమున చికిత్సలో ఉన్నవారి సంఖ్య. చికిత్సాకాలము 24 నెలలనుండి 12 నెలలకు తగ్గినపుడు, కొత్తరోగుల సంఖ్య మారకున్నను, చికిత్సలో ఉన్నవారి సంఖ్య తగ్గును. కావున తగ్గుదలలో ఎంతభాగము వ్యాధిది, ఎంతభాగము లెక్కది అని విడదీసి చూడవలెను. చికిత్స ముగిసియు చేయి ముడుచుకొనిపోయినవాడు ఈ లెక్కలో ఎచటను లేడు. రెండవది: నిర్మూలనప్రకటనకు ఇరుపక్కల సంవత్సరములలో ప్రత్యేకకార్యకర్తల వ్యవస్థ సాధారణ ఆరోగ్యశాఖలో విలీనమైనది, ఇంటింటి అన్వేషణము సడలినది. వెదకనిచో కనబడదు, కనబడనిచో లేదని అనుకొందుము. 2016లో మరల ఇంటింటికి వెదకినపుడు దేశమున వేలకొలది కొత్తరోగులు బయటపడిరి. 2022-23 సంవత్సరమున భారతదేశమున లక్షకు పైబడి కొత్తరోగులు నమోదైరి.

కావున ఔషధమువలె సాధనములును నిరంతరము అందుచుండవలెనని తేలుచున్నది. బాల్‌పెన్నుతో స్పర్శ చూచు విధానము చేతినుండి చేతికి అందు విద్య. ఒక తరము కార్యకర్తలు విరమించునప్పుడు తరువాతివారికి అది అందకపోయినచో, పుస్తకమున ఉన్నను పల్లెలో లేనట్లే. ప్రభుత్వము మాత్రలను మరల కొనగలదు. మఱచిన చేతివాటమును కొనజాలదు.

ఉపసంహారము

అల్పసాధనములను ప్రశంసించుటలో ఒక ప్రమాదమును కలదు. పేదవానికి చౌకసాధనము చాలునని చెప్పి పెద్దవైద్యమును ఆతనికి దూరముచేయుటకు ఈ వాదమును వాడరాదు. వెలుతురు, కలము, తొట్టి రిఫాంపిసినునకు బదులు కావు. రిఫాంపిసిన్ లేని కాలమున ఆశ్రమములలోని సేవ ఎంత నిష్ఠతో జరిగినను వ్యాధి తగ్గలేదు. ముడుచుకొన్న వ్రేళ్లను విప్పుటకు శస్త్రచికిత్సయే కావలెను. మా వాదము ఇంతమాత్రమే: పెద్ద ఔషధము చిన్న ఏర్పాటులేక రోగిని చేరలేదు, చిన్న ఏర్పాటు పెద్ద ఔషధములేక రోగమును తొలగింపలేదు. ఈ రెంటిలో మొదటిదాని చరిత్ర వ్రాయబడినది. రెండవదానిది వ్రాయబడలేదు.

అది వ్రాయవలసినవారు మన పరిశోధకవిద్యార్థులు. ఆధారములు గ్రంథాలయములలో లేవు. మనుష్యాకృతిగల పాతకార్డులు, నెలవారీ మందుపుస్తకములు, గ్రామసందర్శనపు దినచర్యలు ఆరోగ్యకేంద్రముల బీరువాలలో వెదకదగినవి. సైకిలుమీద తిరిగిన కార్యకర్తలు వృద్ధులగుచున్నారు. పెద్దరోగము మొదలగు పేర్లు ఏ ప్రాంతమున ఏ అర్థమున వాడబడినవో, వ్యాధిని గూర్చిన సామెతలు, తిట్లు, ఆనలు ఏవి యున్నవో సేకరించుట భాషాశాస్త్రమునకు కూడ ఉపకరించును. అట్టి సేకరణమున వ్యాధిగ్రస్తుల పేర్లు, ఊళ్లు వెల్లడి కాకుండ కాపాడుట పరిశోధకుని ప్రథమధర్మము. ఒకనాడు నల్లచెప్పు చేసిన పొరపాటును మన వ్యాసములు మరల చేయరాదు.

శాసనములను చదువుటకు రాతిపై వెలుతురు ఏటవాలుగా పడునట్లు చూచుకొనుట మనకు పెద్దలు నేర్పిన విద్య. ఎదురుగా పడు వెలుగున కనబడని అక్షరము ప్రక్కవెలుగున కనబడును. ఆరోగ్యచరిత్రయు అట్లే చదువదగినది. అరుగుమీద కూర్చుండి, కన్నులు మూసికొని, తాకిన చోటును వ్రేలితో చూపిన ఆ సామాన్యుని వైపునుండి చూచినచో, ఇంతవరకు మనకు కనబడని అక్షరములు కొన్ని కనబడునని మా విశ్వాసము. విజ్ఞులు ఈ దిశను పరిశీలింతురు గాక.